మిథైల్ రాడికల్ గారికి ఒక రీసెర్చ్ స్కాలర్ మొర

మిథైల్ రాడికల్ గారికి నమస్కారాలు.

ఒక కార్బన్, మూడు హైడ్రోజన్లు, జతలేని ఒక ఎలక్ట్రాన్, ఇంతే మీరు. ఈ లైను పూర్తయ్యేలోపు ఇద్దరిద్దరు కలిసి ఇథేన్ అయిపోతారని తెలుసు, అందుకే సరాసరి విషయానికొస్తా.

మూడు నెలలుగా మీకోసం అజోమీథేన్ అనే వాయువుని క్వార్ట్జ్ గొట్టంలో ఎర్రగా కాలుస్తున్నా. అది విడిపోతే మీరు ఇద్దరు, ఒక నైట్రోజన్ రావాలి. ఎవరి దగ్గర్నుంచి ఎలక్ట్రాన్ ఊడగొట్టడానికి ఎంత శక్తి కావాలో మా మిషను ఎలక్ట్రాన్ వోల్టుల్లో గీతలుగా చూపిస్తుంది. నైట్రోజన్ బుద్ధిమంతురాలు, 15.58 దగ్గర సూదిలా నిలబడి హాజరు వేయించుకుంటుంది. పిలవని పేరంటానికి నీటి ఆవిరి వచ్చి 12.62 దగ్గర కూర్చుంటుంది. విడిపోని అజోమీథేన్ సంగతి సరేసరి. ఊరంతా వచ్చింది, మీరు తప్ప.

నేనడిగేది ఎక్కువేం కాదు. హీలియం దీపం 21.22 ఎలక్ట్రాన్ వోల్టుల దెబ్బ వేస్తే మీ దగ్గరున్న ఆ ఒంటి ఎలక్ట్రాన్ ఊడి 11.38తో పరిగెత్తాలి, నేను తీసివేత చేసి 9.84 అని రాసుకోవాలి, అంతే. అదే మీ ఆధార్ నంబరు. అమ్మోనియాని చూడండి, ఎలక్ట్రాన్ పోగానే గొడుగు లాంటి ఆకారం పోయి చదునైపోతుంది, ఒక్క గీతకి బదులు దువ్వెన పళ్ళలా బోలెడు గీతలు వేస్తుంది, గుర్తుపట్టక చస్తామా? మీరేమో ముందూ చదునే, తర్వాతా చదునే. అందుకే మీది ఒక్కటే సన్నటి గీత. అది చూపిస్తే మా గైడ్ గారు కళ్ళజోడు పైకెత్తి "ఇది మిథైలా, నాయిజా?" అంటారు.

ప్రెషర్ పెంచితే మీలో మీరే జంటలు కట్టేసి ఇథేన్ అయిపోతారు. తగ్గిస్తే సిగ్నలే ఉండదు. 1929లో రసాయన శాస్త్రవేత్త పానెత్ గారికి మాత్రం గొట్టం గోడకంటిన సీసపు పూతని నాకేసి మరీ సాక్ష్యం చెప్పారట! ఆయన దగ్గర ఉన్నది గాజు గొట్టం, వేడి చేసే మంట. మా దగ్గర ఇంత ఖరీదైన మిషను, రాత్రంతా గురక పెట్టే పంపులు. పేదవాళ్ళంటేనే మీకు అభిమానమా ఏమిటి?

మొన్న మంగళవారం తెల్లవారుజామున 3 గంటలకి 9.84 దగ్గర నిజంగానే ఒక గీత లేచింది. మళ్ళీ స్కాన్ చేశా, మళ్ళీ లేచింది. గైడ్ గారిని నిద్రలేపి పిలిచా. ఆయన లుంగీ మీదే స్కూటరేసుకుని వచ్చేసరికి సీసాలో అజోమీథేన్ అయిపోయింది.

ఇవాళ కొత్త సీసా పెట్టాను. రాత్రి పదింటికి గొట్టం వేడెక్కుతుంది. దయచేసి విడివిడిగా రండి.

ఇట్లు,
మీ 9.84 కోసం కళ్ళు కాయలు కాచినవాడు