రిమోట్‌తో ఆపితే ఆగినట్టేనా?

హనుమకొండలో మా వీధిలో ఏ ఇంట్లో చూసినా రాత్రంతా సెట్‌టాప్ బాక్స్ వెలుగుతూనే ఉంటుంది. ముట్టుకుంటే వెచ్చగా తగులుతుంది. ఆ వేడి మనం బిల్లు కట్టే కరెంటే. రిమోట్‌తో టీవీ ఆపి పడుకుంటాం గానీ గోడ మీది స్విచ్ నొక్కడానికి చెయ్యి రాదు. పది వాట్లు లాగే పెట్టె రోజంతా అలాగే ఉంటే నెలకు 7 యూనిట్లు పోయినట్టే!

ఆ కరెంటు భూపాలపల్లిలోనో రామగుండంలోనో బొగ్గు కాల్చి తీసింది. బొగ్గులోని శక్తిలో సుమారు మూడో వంతే కరెంటవుతుంది, మిగతాది వేడిగా గాలిలోకీ నీళ్లలోకీ పోతుంది. అది యంత్రాల పరిమితి, సరే. కానీ సింగరేణి కార్మికుడు గనిలో దిగి తవ్విన బొగ్గు నుంచి దక్కిన ఆ కాస్త కరెంటుతో ఖాళీ గదిలో ఫ్యాన్ తిప్పుతుంటే నాకు కడుపు మండుతుంది. అదీ 75 వాట్ల పాత ఫ్యాన్. ఇంచుమించు అంతే గాలిని బీఎల్‌డీసీ ఫ్యాన్, అంటే తక్కువ కరెంటు లాగే కొత్త రకం మోటారున్న ఫ్యాన్, 30 వాట్లకు అటూఇటూగా ఇస్తుంది. మే నెల ఎండల్లో ఇల్లే కొలిమిలా ఉంటే, డబ్బిచ్చి ఇంకాస్త వేడి కొనుక్కోవడం ఏమిటి?

మా చౌరస్తాలో పొద్దెక్కాక కూడా వీధి దీపాలు ఆరవు. ఫోన్ చేస్తే "చూస్తాం సార్" అంటారు. మర్నాడూ అదే వెలుగు.