'కొనండి' మీట నొక్కితే కొన్నట్టేనా?

ఒకే సందేశం ఈ నెలలో నాకు మూడు వైపుల నుంచి వచ్చింది. "డిస్కుల కథ ముగిసింది. ఇంట్లో సినిమా అంటే ఇక డౌన్‌లోడే. బొమ్మలో తేడా లేదు. ఒకసారి కొంటే ఎప్పటికీ మీదే. గీతలు పడవు, పాడవదు. దొరకని సినిమా లేదు. కంపెనీలే డిస్కులు మానేస్తున్నాయి. ఇంకా అరల నిండా డబ్బాలు పేర్చుకునేవాళ్లు గ్రామఫోను కాలం మనుషులు." చివరి వాక్యం నన్ను ఉద్దేశించినది కాదని పంపినవారిలో ఒకరు విడిగా రాశారు కూడా. ఎవరిని ఉద్దేశించిందో ఇద్దరికీ తెలుసు.

గ్రామఫోను మాటకు నేను నొచ్చుకోలేదు. ఆ సందేశంలో సగం నిజం ఉంది. ఆ సగం చాటున మిగతా సగం చలామణీ అయిపోతోంది. నా పేచీ అంతా దానితోనే.

నిజమైన సగాన్ని ముందే ఒప్పుకుంటాను. డిస్కుల వ్యాపారం బాగా కుంచించుకుపోయింది. నెట్‌ఫ్లిక్స్ 1998లో డీవీడీలను పోస్టులో పంపుతూ మొదలైంది, 2007లో స్ట్రీమింగ్ తెచ్చింది, 2023 సెప్టెంబర్ 29న చివరి డిస్కులు పంపి ఆ విభాగానికి తాళం వేసింది. అమెరికాలో బెస్ట్ బై దుకాణాలు 2024లో సినిమా డిస్కుల అమ్మకం ఆపేశాయి. ఒకసారి చూసి మరిచిపోయే సినిమాకు డిస్కు కొనడం దండగ. ఆ పనికి స్ట్రీమింగ్ చక్కగా సరిపోతుంది, నేనూ చూస్తాను. కాబట్టి అద్దె డిస్కు ఓడిపోయిందంటే నాకు అభ్యంతరం లేదు. అయితే సందేశం మాట్లాడుతున్నది అద్దె గురించి కాదు, "ఎప్పటికీ మీదే" అంటోంది. సినిమా చూడటం ఒక అవసరం, దాన్ని దగ్గర ఉంచుకోవడం మరొకటి. మొదటిదాంట్లో గెలిచిన పతకం చూపించి రెండోదాంట్లోనూ గెలిచామనడమే ఇక్కడి తిరకాసు.

"బొమ్మలో తేడా లేదు."

డిస్కు మీదా, నెట్‌లో వచ్చే సినిమా మీదా 4కె అనే రాసి ఉంటుంది. రెండింటిలోనూ ఫ్రేముకు 3840 అడ్డం, 2160 నిలువు, వెరసి దాదాపు 83 లక్షల పిక్సెళ్లు, అంటే బొమ్మను నింపే చుక్కలు. కానీ ఎన్ని గళ్లు గీశారన్నదానితో పని తీరదు, వాటిని నింపడానికి ఎంత సమాచారం ఇచ్చారో చూడాలి. 4కె చూడటానికి సెకనుకు 15 మెగాబిట్ల వేగం ఉంటే చాలని నెట్‌ఫ్లిక్స్ చెబుతుంది. ఆ వేగమంతా బొమ్మకే ఖర్చు పెట్టినా, సెకనుకు 24 ఫ్రేముల లెక్కన ఒక్కో ఫ్రేముకు సగటున దక్కేది 78 కిలోబైట్లు. 4కె సినిమాలు వచ్చే అల్ట్రా హెచ్‌డీ బ్లూ-రే డిస్కులో 100 గిగాబైట్ల దాకా పడుతుంది, సెకనుకు 128 మెగాబిట్ల వరకూ పంపగలదు. అంత పై అంచుకు పోకుండా 60 అనే అనుకుందాం. ఫ్రేముకు 312 కిలోబైట్లు వస్తాయి, అంటే నాలుగింతలు. కుదింపు పద్ధతులు మెరుగుపడి తక్కువ బిట్లతోనే మంచి బొమ్మ వస్తోందన్నది నిజమే. కానీ ఆ మెరుగుదలలో ఎక్కువ భాగం పంపేవారి బ్యాండ్‌విడ్త్ ఖర్చు తగ్గించడానికే పోతోందని నా అనుమానం.

పట్టపగటి దృశ్యంలో ఈ తేడా కంటికి ఆనదు. చీకటి గది, ఒకే దీపం, దాని మీదుగా లేచే పొగ. అలాంటి ఒక దృశ్యాన్ని ఒకే రాత్రి, ఒకే టీవీలో రెండు విధాలుగా పెట్టి చూశాను. స్ట్రీమింగ్‌లో పొగ మెట్లు మెట్లుగా లేచింది. వెనక గోడ నలుపు, భూగోళం పుస్తకంలో కొండల ఎత్తు చూపే గీతల్లాగా, వలయాలు వలయాలుగా విడిపోయింది. దీపం రెపరెపలాడినప్పుడల్లా ఆ వలయాలు ఉలిక్కిపడి జరిగాయి. ఫిల్ము గ్రెయిన్, అంటే ఫిల్ములోని సన్నని రేణువులు, కదలాడాల్సిన నటుడి చెంప మీద మైనం రాసినట్టు ఒక నునుపు. తర్వాత డిస్కు పెట్టాను. పొగ పొగలాగే ఉంది.

శబ్దం సంగతి ఇంకా తేలిక. బ్లూ-రేలో డాల్బీ ట్రూహెచ్‌డీ, డీటీఎస్-హెచ్‌డీ మాస్టర్ ఆడియో వంటివి ఒక్క బిట్టు కూడా వదలకుండా శబ్దాన్ని దాస్తాయి. స్ట్రీమింగ్ సేవలు సాధారణంగా వాడే డాల్బీ డిజిటల్ ప్లస్ కొంత వదిలేసి మిగతాది పంపుతుంది. టీవీలోని చిన్న స్పీకర్లతో వినేవారికి ఈ పేరా అనవసరం, దాటేయవచ్చు.

ఇక్కడ అవతలి పక్షానికి న్యాయం చేయాలి. డౌన్‌లోడుకూ స్ట్రీమింగుకూ తేడా ఉంది. ఫైలు పూర్తిగా దిగాక ఆడేటప్పుడు నెట్ వేగంతో పని లేదు కాబట్టి దాన్ని ఎంత పెద్దగానైనా ఇవ్వవచ్చు. కాలిడెస్కేప్ అనే సంస్థ తన సొంత యంత్రాలున్నవారికి డిస్కుకు దీటైన పెద్ద ఫైళ్లనే అమ్ముతోంది. సెకనుకు 100 మెగాబిట్ల కనెక్షన్ మీద 60 గిగాబైట్లు దిగడానికి గంటా ఇరవై నిమిషాలు పడుతుంది, అదేమంత ఘోరం కాదు. కాబట్టి డౌన్‌లోడు డిస్కుకు సమానం కాజాలదని నేననను. మనకు మామూలుగా అమ్ముతున్నది సమానమైనది కాదంటున్నాను.

"ఒకసారి కొంటే ఎప్పటికీ మీదే."

సందేశం మొత్తంలో పచ్చి అబద్ధం ఇదొక్కటే. నేతిబీరకాయలో నెయ్యి ఎంతో, ఆ 'కొనండి' మీటలో కొనుగోలు అంత. మీట నొక్కినప్పుడు మనకు దక్కేది చూసుకోవడానికి ఒక అనుమతి, అంటే లైసెన్సు. అమ్మినవారికి ఆ సినిమా మీద ఉన్న హక్కు ఒప్పందంతో వచ్చింది. ఆ ఒప్పందం తీరిపోతే, వారి షరతుల్ని బట్టి, మన అనుమతీ దానితోపాటు పోవచ్చు.

ఊహించి చెప్పడం లేదు. స్టూడియోకెనాల్ అనే సంస్థ సినిమాలను సోనీ వారి ఆన్‌లైన్ దుకాణం ప్లేస్టేషన్ స్టోర్‌లో కొన్న జర్మనీ, ఆస్ట్రియా వినియోగదారులకు 2022 ఆగస్టు 31 తర్వాత అవి మీ లైబ్రరీలో ఉండవని నోటీసు వచ్చింది. మరుసటి ఏడాది డిసెంబరులో డిస్కవరీ కార్యక్రమాలు కొన్నవారికీ అలాంటిదే వచ్చింది. గోల పెరిగి, మళ్లీ ఒప్పందం కుదిరాక ఆ తొలగింపును ఆపారు. ఆపారు కదా అని ఊరట చెందేవాళ్లు ఒక్క విషయం గమనించాలి. కొన్నవాడి వస్తువు ఉంటుందా పోతుందా అన్నది, కొన్నవాడు లేని గదిలో రెండు కంపెనీల మధ్య తేలింది. అంతకు ముందు అల్ట్రావయొలెట్ అనే ఏర్పాటు ఉండేది. మీరు కొన్న సినిమాల చిట్టా మా దగ్గర భద్రం, ఏ దుకాణం ద్వారానైనా చూసుకోండి అని 2011లో మొదలై, 2019 జూలై 31న మూతపడింది. మైక్రోసాఫ్ట్ 2025 జూలైలో సినిమాల అమ్మకం ఆపేసింది. అప్పటికే కొన్నవి చూసుకోవచ్చని మాట ఇచ్చింది. మాట ఇవ్వాల్సి వచ్చిందంటేనే చూడండి. డిస్కు అమ్మినవాడు దుకాణం ఎత్తేస్తే అతని మాటతో మనకేం పని?

నా అనుభవం ఒకటి. కొన్నేళ్ల క్రితం కొన్న సినిమా ఒకటి ఖాతాలో కనిపిస్తూనే ఉంది, పోస్టరు మాత్రం బూడిదరంగుకు తిరిగింది. నొక్కితే 'ఈ శీర్షిక ప్రస్తుతం అందుబాటులో లేదు' అని వస్తోంది. సహాయ కేంద్రానికి రాస్తే అవతలి వ్యక్తి ఎంతో మర్యాదగా, "మీ కొనుగోలు వివరాలు మా దగ్గర భద్రంగా ఉన్నాయి సర్" అని జవాబిచ్చారు. రసీదు భద్రం, సినిమా లేదు.

కాలిఫోర్నియాలో 2025 జనవరి 1 నుంచి ఒక చట్టం అమల్లోకి వచ్చింది. ఇస్తున్నది లైసెన్సు మాత్రమేనని ముందే స్పష్టంగా చెప్పకుండా డిజిటల్ సరుకు మీద 'కొనండి' అని రాయకూడదు. అందులో ఒక మినహాయింపు ఉంది. నెట్‌తో పని లేకుండా శాశ్వతంగా ఉంచుకునేలా డౌన్‌లోడ్ చేసుకోనిస్తే, అమ్మినవాడు తర్వాత వెనక్కు తీసుకోలేని విధంగా ఇస్తే, ఈ నియమం వర్తించదు. 'కొనుగోలు' అన్న మాటకు ఇంతకంటే సూటి నిర్వచనం నేనైతే చూడలేదు. యాప్‌లో కనిపించే 'డౌన్‌లోడ్' చాలావరకు ఈ పరీక్షలో గట్టెక్కదు. ఆ ఫైలు ఆ యాప్‌లోనే, ఆ ఖాతాతోనే తెరుచుకుంటుంది, అడపాదడపా సర్వర్‌ను పలకరించి అనుమతి తాజా చేసుకుంటుంది.

అమ్మడం, ఇవ్వడం సంగతి సరేసరి. చూసేసిన డిస్కును స్నేహితుడి చేతిలో పెట్టవచ్చు, నచ్చకపోతే అమ్మేయవచ్చు. వాడేసిన డిజిటల్ పాటల్ని తిరిగి అమ్మే రీడిజి అనే వ్యాపారం అమెరికాలో వచ్చింది. ఫైలును చేరవేయడమంటే కొత్త కాపీ చేయడమే కాబట్టి అది కుదరదని అక్కడి అప్పీలు కోర్టు 2018లో తేల్చింది.

పాటల ఊసు వచ్చింది కనుక ఇంకో మాట. ఆపిల్ వారి ఆన్‌లైన్ దుకాణం ఐట్యూన్స్ 2009లో పాటలకున్న కాపీ తాళం తీసేసింది. కొన్న పాటను ఏ ప్లేయర్‌లోకైనా ఎక్కించుకోవచ్చు, ఆ దుకాణం రేపు ఉన్నా లేకపోయినా పాట పాడుతుంది. అందుకే పాటల విషయంలో డౌన్‌లోడు సీడీ స్థానంలోకి వచ్చిందంటే నేను నోరెత్తను. పెద్ద స్టూడియోల సినిమాలకు ఆ తాళం ఈనాటికీ తీయలేదు. సందేశం రాసినవారు ఈ తేడాను పట్టించుకోలేదు.

డిస్కు అయినంత మాత్రాన అన్నీ మనవే అనుకోవడమూ పొరపాటే. 1998లో డివ్ఎక్స్ అనే డిస్కు వచ్చింది. మొదటిసారి పెట్టినప్పటి నుంచి 48 గంటలు ఆడేది, తర్వాత మళ్లీ డబ్బు కట్టాలి. ప్లేయరు టెలిఫోను లైనులో కంపెనీకి ఫోన్ చేసి లెక్క చెప్పేది. మరుసటి ఏడాదే, 1999లో, ఆ వ్యాపారం ఎత్తేశారు, 2001లో సర్వర్లు ఆగాక ఆ డిస్కులు కాఫీ కప్పు కింద పెట్టుకోవడానికి మిగిలాయి. ప్లాస్టిక్కుదేమీ మహత్తు కాదు. ఎవరినీ అడగకుండా ఆడుతుందా లేదా అన్నదే ప్రశ్న.

"గీతలు పడవు, పాడవదు."

ఈ ఒక్కచోట సందేశానికి సగం మార్కులు ఇస్తాను. డిస్కులు పాడవుతాయి. డీవీడీ అంటే 0.6 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ పలకలు రెండు జిగురుతో అతికించినది, మధ్యలో సమాచారాన్ని మోసే పల్చని లోహపు పూత ఉంటుంది. అతుకు సరిగా లేకపోతే అంచు నుంచి గాలి, తేమ చేరి పూత చెడుతుంది. అనుమానం వచ్చిన డిస్కును దీపానికి అడ్డుపెట్టి చూడండి. అంచు నుంచి లోపలికి పాలు కలిపినట్టు ఒక మసక, అందులో సూది మొనంత వెలుగు చుక్కలు కనిపిస్తే దాని ఆయువు తీరినట్టే. నా దగ్గర ఒకటి సరిగ్గా పతాక సన్నివేశం ముందు ఆగుతుంది, హంతకుడెవరో ఈ ఇంట్లో ఇంకా ఎవరికీ తెలియదు. 2006 నుంచి కొన్నేళ్లపాటు తయారైన తమ డీవీడీలలో కొన్ని ఇలా చెడిపోతున్నాయని వార్నర్ బ్రదర్స్ సంస్థే 2025లో ఒప్పుకుంది.

అయితే ఒక డిస్కు చెడితే ఒక సినిమా పోతుంది. ఖాతా స్తంభిస్తే అర మొత్తం పోతుంది. ఫైలుకు చావు లేదనేవారు హార్డ్ డిస్కు ఎప్పుడూ కొట్టుకుపోని అదృష్టవంతులై ఉండాలి.

"దొరకని సినిమా లేదు."

వెతికినవారికి తెలుస్తుంది. హక్కులు చేతులు మారి, పాటల అనుమతులు తీరి, ఎవరి దగ్గరా లేకుండా పోయే సినిమాలు ఎన్నో. దొరికినా అదే సినిమా అన్న నమ్మకం లేదు. ఉత్తమ చిత్రంగా ఆస్కార్ అందుకున్న 1971 నాటి ఒక అమెరికన్ పోలీసు సినిమాలో, ఒక సన్నివేశం నుంచి కొంత భాగం కత్తిరించిన ప్రతి 2023లో ఆన్‌లైన్ సేవల్లో బయటపడింది. ఎవరూ చాటింపు వేయలేదు, చూసినవారే పట్టుకున్నారు. ఆ కత్తిరింపు మంచిదా చెడ్డదా అన్న చర్చ వేరు. పాత డిస్కుల్లో సన్నివేశం చెక్కుచెదరకుండా ఉండబట్టే పోల్చి చూపగలిగారు.

"కంపెనీలే మానేస్తున్నాయి."

దీనికి ఆధారంగా సందేశం కింద తగిలించిన వార్త, సోనీ 2025 ఫిబ్రవరిలో బ్లూ-రే తయారీ ఆపేసిందన్నది. ఆపినది మనం రాసుకునే ఖాళీ డిస్కుల తయారీ. సినిమా అచ్చువేసిన డిస్కులు వేరు. ఆ వార్తను తిప్పినవారు శీర్షిక దాటి రెండో పేరా దాకా వెళ్లలేదు.

నిజంగా భయపడాల్సింది డిస్కుల గురించి కాదు, ప్లేయర్ల గురించి. అమెరికా మార్కెట్‌లో కొత్త బ్లూ-రే ప్లేయర్లు తేబోమని శామ్‌సంగ్ 2019లోనే చెప్పేసింది, ఎల్‌జీ కూడా తర్వాత తప్పుకుంది. ప్లేస్టేషన్ 5, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ అనే వీడియో గేమ్ యంత్రాలలో డిస్కు డ్రైవు ఉన్న నమూనాలు ఇప్పటికీ 4కె డిస్కు ఆడిస్తాయి కాబట్టి దారి మూసుకుపోలేదు, ఇరుకైంది. నాకు నిద్ర పట్టని రాత్రి ఏదైనా ఉంటే ఈ ఆలోచన వల్లే, గ్రామఫోను మాట వల్ల కాదు.

సందేశం పంపిన ముగ్గురికీ ఒకటే జవాబు రాశాను. మీరు 'కొన్న' సినిమా ఒకటి ఎంచుకోండి, నెట్ ఆపేయండి, మీ ఖాతా లేని వేరే ఎవరి యంత్రంలోనైనా దాన్ని ఆడించి చూపించండి. ఇద్దరు ఇంకా జవాబివ్వలేదు. గ్రామఫోను సంగతి విడిగా రాసిన మూడో ఆయన, ప్లేయరు ఏ నమూనా కొంటే మంచిదో చెప్పమని అడిగారు.