నెల్లూరుకు ఒక సిబిల్ రొట్టె కావలెను

నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గర, బారాషహీద్ దర్గాలో ఏటా మొహర్రం నెలలో రొట్టెల పండగ జరుగుతుంది. ఉద్యోగం కోరేవాళ్లు ఉద్యోగం రొట్టె పట్టుకుంటారు. కోరిక తీరితే మళ్లీ వచ్చి, రొట్టె చేసుకొచ్చి ఇంకొకరికి ఇస్తారు. చదువు రొట్టె, పెళ్లి రొట్టె, ఇల్లు రొట్టె అన్నీ ఉన్నాయి. ష్యూరిటీ సంతకాల్లేవు, ఈఎంఐల్లేవు. అయినా ఆ బాకీ ఎగ్గొట్టినవాణ్ని నేనింతవరకు చూడలేదు. కనుక ఈ ఏడు నుంచి సిబిల్ రొట్టె కూడా ఉండాలని పెద్దలకు సవినయంగా మనవి చేస్తున్నాను.

నా సిబిల్ స్కోరు, అంటే అప్పులు ఎలా తీర్చానో చూసి వేసే మార్కు, 583. లెక్క ప్రకారం అది 300కీ 900కీ మధ్య ఉండేదే. కానీ 750 దాటనివాడికి బ్యాంకులో కుర్చీ కూడా చూపించరు. నేను చేసిన ఘోరం, మా బావమరిది ట్రాక్టరు లోనుకు ష్యూరిటీ సంతకం పెట్టడం. వాడు కంతులు ఆపాడు, మార్కులు నాకు పోయాయి. మా వీధిలో ఒకాయనకు నూటికి రెండు రూపాయల వడ్డీ పదేళ్లుగా తప్పకుండా కడుతున్నాను. ఆ పుణ్యం మాత్రం ఏ రిపోర్టులోనూ లేదు.

సరే, కారు లోను కోసం నాలుగు చోట్ల అడిగాను. అడిగిన ప్రతిచోటా వాళ్లు నా రిపోర్టు తెరిచి చూశారు. అలా చూసినందుకు కూడా స్కోరు తగ్గుతుందట! అప్పు పుట్టనివాడు అప్పుకు తిరగడం కూడా తప్పే.

ఆఖరికి ట్రంకు రోడ్డులో ఒక ఫైనాన్స్ ఆయన కరుణించాడు. "నువ్వేం టెన్షన్ పడమాక అబ్బయ్యా, వడ్డీ పన్నెండు శాతమే, ఫ్లాట్." ఫ్లాట్ అంటే నేలకు ఆనినట్టు తక్కువేమో అనుకున్నా. రెండు లక్షలకు మూడేళ్లలో 72 వేల వడ్డీ. నెలనెలా అసలు తీరుతున్నా వడ్డీ మాత్రం మొత్తం రెండు లక్షల మీదే. బ్యాంకు లెక్కలోకి మారిస్తే 21 శాతం దాటుతుంది. దండం పెట్టి లేచొచ్చేశా.

కొత్త కారు మాట మానేసి 2012 మోడల్ ఆల్టో చూశాను. ఇంజను బాగానే ఉంది, టైర్లు పర్వాలేదు. ఆర్సీ పట్టుకుంటే మాత్రం పాత ఫైనాన్స్ కంపెనీ పేరు ఇంకా దాని మీదే ఉంది. బాకీ లేదని ఆ కంపెనీ ఇచ్చే ఎన్ఓసీ, ఫారం 35 తెచ్చి ఆ పేరు తీయించేదాకా పైసా ఇవ్వనన్నాను. అమ్మేవాడు నన్ను అనుమానపు పీనుగు అన్నాడు. 583 స్కోరు ఉన్నవాణ్ని పీనుగన్నా మర్యాదే!

డబ్బు ఎక్కడిదంటారా? మా ఆవిడ గొలుసు. బంగారం తూకం చూస్తారు, మొగుడి స్కోరు ఎవరడుగుతారు? కారు ఇంటికొచ్చిన రోజు సాయంత్రమే బావమరిది ఫోన్.

"బావా, కారు కొన్నావంటగా! రొట్టెల పండక్కి ఒకసారి ఇస్తావా? డీజిలు నేనే కొట్టిస్తాలే."

అది పెట్రోలు బండి.