అరుగు మీది టైగర్‌ని ఎవరు గీస్తారు?

ఒడిశాలోని పర్లాకిమిడిలో మా మేనల్లుడు తొమ్మిదో తరగతి. బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు, చేతిలో ఫోను. ఆ ఫోనులోనే వేలితో బొమ్మలు గీసి కదిలిస్తుంటాడు. దసరా సెలవుల్లో వెళ్తే ఒక కుక్క బొమ్మ చూపించాడు. పెద్ద పెద్ద కళ్లు, వేలాడే చెవులు, మెడలో ఎర్ర పట్టీ. ముద్దుగానే ఉంది. కానీ వాళ్ల అరుగు మీద పడుకునే టైగర్ అలా ఉండదు. తెలుగులో 'రా' అన్నా, ఒడియాలో 'ఎఠికి ఆ' అన్నా లేచి వచ్చే కుక్క అది. దాన్నెందుకు గీయలేదురా అంటే, "అది ఊరకుక్క కదా మామయ్యా" అన్నాడు.

మనసు చివుక్కుమంది. ఎందుకంటే వాడు చూసి మురిసే సినిమా కుక్కల వెనక చాలాసార్లు ఎవరో ఒకరి ఇంటి కుక్కే ఉంది.

డిస్నీలో పనిచేసిన జో గ్రాంట్ 1937లో తన పెంపుడు కుక్క, స్పానియల్ జాతి 'లేడీ'ని గీయడం మొదలుపెట్టాడు. ఇంట్లోకి పసిపాప రాగానే దాన్ని పట్టించుకునేవాళ్లు తగ్గారు. ఆ చిన్నబోయిన ముఖం ఆయన కంటపడింది. 'లేడీ అండ్ ది ట్రాంప్' 1955లో వచ్చింది. అప్పటికి 18 ఏళ్లు గడిచాయి, ఆయన ఆ స్టూడియో వదిలేసి కూడా కొన్నేళ్లయింది. పాప పుట్టాక పక్కకు జరిగిపోయిన ఆ కుక్క బాధ మాత్రం కథలో అలాగే మిగిలింది. హాలీవుడ్ దర్శకుడు టిమ్ బర్టన్ కూడా అంతే. చిన్నప్పటి కుక్క పెపె మీద మమకారంతో 1984లో నటులతో ఒక చిన్న సినిమా తీశాడు. తనివి తీరక 2012లో అదే 'ఫ్రాంకెన్‌వీనీ' కథను, చేత్తో చేసిన బొమ్మల్ని కొద్దికొద్దిగా కదిలిస్తూ మళ్లీ తీశాడు.

నాకు అందరికంటే దగ్గరగా అనిపించేది యానిమేషన్ సినిమాలు తీసే పాల్ ఫియర్లింగర్. 1967లో చెకోస్లొవేకియా విడిచి వెళ్లిపోయిన మనిషి. 2001లో 'స్టిల్ లైఫ్ విత్ యానిమేటెడ్ డాగ్స్'లో తన బతుకంతా తాను పెంచిన కుక్కల వరసలో చెప్పాడు, కమ్యూనిస్టు పాలనలోని ప్రాగ్ రోజులతో సహా. దేశం మారినా కాళ్ల దగ్గర ఒక కుక్క ఉంది. తర్వాత 2009లో 'మై డాగ్ ట్యూలిప్'. ఆయన గీస్తే భార్య సాండ్రా రంగులు వేసింది. కాగితం ముట్టకుండా, కంప్యూటర్ మీదే, అంతా చేత్తో.

కెమెరా ముందు నిజం కుక్క ఉంటే బిస్కెట్టు చూపించి పని చేయించుకోవచ్చు. యానిమేషన్‌లో తోక కదలాలన్నా గీసేవాడే కదపాలి. తెర మీద సెకనుకు 24 ఫ్రేములు, అంటే 24 కదలని చిత్రాలు, ఒకదాని వెంట ఒకటి వస్తాయి. ఒక్కో బొమ్మను రెండు ఫ్రేములు నిలిపినా 12 బొమ్మలు గీయాలి. పడుకునే ముందు కుక్క మట్టిని గీకి గుండ్రంగా తిరుగుతుందే, ఆ నాలుగు సెకన్లకు 48. ఏళ్ల తరబడి పక్కనే ఉండి చూడనివాడు అన్ని బొమ్మలు ఎక్కణ్నుంచి తెస్తాడు? పక్కవాడి సినిమా నుంచి తెస్తాడు. మావాడు చేసింది అదే. తప్పు వాడిది కూడా కాదు, వాడికి ఊరకుక్కను గీసి చూపించినవాళ్లు లేరు.

మన దగ్గర చూసి చేసే చెయ్యి లేదా అంటే, ఉంది. పర్లాకిమిడి కొమ్ము పనివాళ్లు కొమ్మును వేడి చేసి, వంచి పక్షి మెడ తెప్పిస్తారు. ఈ జిల్లా కొండల్లో సవరలు గోడల మీద ఏనుగుల్నీ గుర్రాల్నీ గీస్తారు. ఆ చూపు ఫోను తెర మీదికి ఇంకా ఎక్కలేదు, అంతే.

సెలవుల చివరి రోజు మావాణ్ని కూర్చోబెట్టి టైగర్‌ని గీయమన్నాను. చూడకుండానే గీస్తానన్నాడు. వీపు వంపు, ఎత్తి పట్టిన తోక బాగానే కుదిరాయి. చెవి దగ్గర వేలు ఆగింది. టైగర్‌కి ఒక చెవి కొస చిరిగి ఉంటుంది. ఎడమదో కుడిదో వాడికి గుర్తు రాలేదు. ఫోను మంచం మీద పడేసి అరుగు మీదికి పరుగెత్తాడు.