పటిక, పాత చీర, గ్లాసుడు ఉప్పునీళ్లు

ఎండలు ముదిరాయంటే చాలు, వాట్సాప్‌లో ఒక మెసేజ్ తిరగడం మొదలవుతుంది. ఈసారి మా అపార్ట్‌మెంట్ గ్రూపులోనే మూడుసార్లు వచ్చింది. అందులో ఉన్నది ఇంతే: "ఫిల్టర్లన్నీ కంపెనీల మోసం. నీళ్లలో పటిక తిప్పండి, ఎనిమిది మడతల నూలు గుడ్డతో వడకట్టండి, కాచి చల్లార్చండి. మట్టి, క్రిములు, ఉప్పు, ఫ్లోరైడ్ అన్నీ వేరైపోతాయి. ఇది ఆరో తరగతి సైన్సు పుస్తకంలో ఉన్నదే."

ఆ ఆఖరి మాటే లేకపోతే నేనూ చూసి వదిలేసేదాన్ని. ట్యూషన్‌లో ఆ పాఠం చెప్పేది నేనే మరి.

ముందు పటిక సంగతి. మట్టి వరకు మెసేజ్ చెప్పింది నిజమే. కాలవ నీళ్లలోని సన్నటి బంకమట్టి రేణువులన్నిటికీ రుణావేశం ఉంటుంది. ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి కాబట్టి ఎంతసేపు కదలకుండా ఉంచినా అడుక్కి దిగవు. పటిక కరిగితే అందులోని అల్యూమినియం ఆ నెట్టుడును తగ్గిస్తుంది. రేణువులు దూదిపింజల్లా ముద్దకట్టి కిందికి దిగుతాయి, పైన తేరిన నీళ్లు వంచుకోవచ్చు. చిల్లగింజ అరగదీసి బిందెలో కలిపిన పెద్దవాళ్లు చేసింది కూడా ఇదే.

కానీ ఉప్పు, ఫ్లోరైడ్ నీళ్లలో తేలే రేణువులు కావు, కరిగిపోయినవి. "మరి నల్లగొండ పద్ధతిలో పటికతోనే కదా ఫ్లోరైడ్ తీసేది?" అని గ్రూపులో ఒకాయన అడిగారు. మంచి ప్రశ్న. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) 1970లలో రూపొందించిన ఆ పద్ధతిలో పటికతో పాటు సున్నం, బ్లీచింగ్ పౌడర్ కూడా వేస్తారు. నీటిలో ఫ్లోరైడ్ ఎంతుందో, క్షారత ఎంతుందో పరీక్షించి మోతాదు లెక్కకడతారు. లీటరుకు వందల మిల్లీగ్రాముల పటిక పడుతుంది. అడుగున పేరుకున్న మడ్డిలోకి ఫ్లోరైడ్ చేరుతుంది, దాన్ని జాగ్రత్తగా పారబోయాలి. పటిక రాయి పట్టుకుని బిందెలో నాలుగు చుట్లు తిప్పితే అయ్యే పని కాదు.

ఇక గుడ్డ. దీన్ని కొట్టిపారేయడానికి నాకు మనసొప్పదు. అమెరికా సూక్ష్మజీవ శాస్త్రవేత్త రీటా కోల్వెల్ బృందం బంగ్లాదేశ్ పల్లెల్లో పాత చీరను మడతలు పెట్టి నీళ్లు వడకట్టిస్తే కలరా కేసులు 48 శాతం తగ్గాయి. 2003లో ఆ ఫలితాలు వచ్చాయి. కలరా క్రిమి ఆ గుడ్డ రంధ్రాలకన్నా చాలా చిన్నది. అయినా ఎలా ఆగింది? చెరువు నీళ్లలో అది బుల్లి నీటి జీవులను పట్టుకుని ఉంటుంది. చీరలో చిక్కింది ఆ జీవులు, వాటితో పాటు క్రిములు. విడిగా ఈదే క్రిములు మడతల్లోంచి దర్జాగా దిగిపోతాయి. కరిగిన ఉప్పు సంగతి చెప్పనే అక్కర్లేదు.

కాచడం. మరిగే నీళ్లలో క్రిములు చస్తాయి, నిజం. అయితే అది చంపడమే, వేరుచేయడం కాదు. కరిగిన లవణాల విషయంలో కాచడం ఎదురు తిరుగుతుంది. లీటరుకు 1.2 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉన్న నీళ్లు రెండు లీటర్లు పొయ్యిమీద పెట్టి, ఒకటిన్నర లీటర్లు మిగిలేదాకా మరిగించారనుకోండి. ఆవిరి ఎగిరిపోయింది, ఫ్లోరైడ్ గిన్నెలోనే ఉంది. ఇప్పుడది లీటరుకు 1.6. తాగునీటికి మన ప్రమాణం ఒప్పుకునే గరిష్ఠ పరిమితి 1.5. అంటే పరిమితి లోపల ఉన్న నీళ్లను మనమే పొయ్యి వెలిగించి దాటించామన్నమాట. ఫ్లోరైడ్‌కు రంగు, వాసన ఉండవు కాబట్టి తాగేవాళ్లకు తెలియను కూడా తెలియదు. ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లు, ఎముకలు దెబ్బతినే జబ్బు ఫ్లోరోసిస్. నెల్లూరు జిల్లాలో దాన్ని వైద్యులు 1937లోనే నమోదు చేశారు. నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు వంగిన కాళ్లు చూసినవాళ్లు ఇలాంటి మెసేజ్ ఫార్వర్డ్ చేయలేరు.

ఫిల్టర్లు మోసమా అంటే, ఆర్‌ఓ కంపెనీల తరఫున నేను వకాల్తా పుచ్చుకోను. నల్లాలో శుద్ధిచేసిన నదినీళ్లు వచ్చే చాలా ఇళ్లకు అది దండగే, పైగా బోలెడు నీళ్లు వృథా. ఫ్లోరైడ్ ఉన్న బోరునీళ్లే దిక్కయిన ఇంటికి మాత్రం ఆ మాట చెప్పకండి.

పుస్తకంలో ఉందన్నారు కదా. ఆ పాఠంలో ఇసుక, ఉప్పు కలిపిన నీళ్లను వడపోత కాగితంలో పోస్తే ఇసుక ఆగుతుంది, ఉప్పు దిగిపోతుంది. పిల్లలు పరీక్షలో రెండు మార్కులకు రాసే జవాబు ఇది.

నమ్మకం కుదరకపోతే వంటింట్లోనే చూడండి. గ్లాసుడు మంచినీళ్లలో చెంచా ఉప్పు కరిగించండి. ఎనిమిది మడతల గుడ్డతో వడకట్టి నాలుక్కి రాసుకోండి: ఉప్పే. పటిక తిప్పండి: ఉప్పే, కాస్త వగరు కూడా. సగమయ్యేదాకా కాచి, చల్లారాక చూడండి: ఇంకా ఉప్పు. ఆ కాచేటప్పుడే మూత పెట్టి, నీళ్లు కుతకుతలాడి చిందకుండా మంట తగ్గించండి. తర్వాత మూత మెల్లగా తీసి, దానికి పట్టిన చుక్కలు రుచి చూడండి. చప్పగా ఉంటాయి. అదే స్వేదనం. ఉప్పునూ ఫ్లోరైడ్‌నూ వెనక్కి వదిలేసి వచ్చిన నీళ్లు, ఈ మొత్తం తతంగంలో, ఆ చుక్కలే. అలా తాగునీళ్లు పట్టాలంటే, మంట వేడిలో 60 శాతం గిన్నెకు చేరుతుందనుకున్నా, 14.2 కిలోల సిలిండర్‌కు వచ్చేది 150 లీటర్లకు అటూ ఇటూ. రోజుకు పది లీటర్లు తాగే ఇంట్లో పదిహేను రోజులకో సిలిండర్ బుక్ చేసుకోవాలి.