ఘాట్ కింద లాడ్జీకి సైకిల్ స్టాండు ఎందుకు?

విశాఖ నుంచి అరకు రోడ్డు మీద దాదాపు 115 కిలోమీటర్లు. సుమారు సగం దారిలో శృంగవరపుకోట (ఎస్.కోట) వస్తుంది, అది దాటాక అనంతగిరి ఘాట్ మొదలవుతుంది. సెలవు రోజుల్లో ఈ దారిన గేర్ల సైకిళ్లు కనబడతాయి. వాళ్లకు అనువుగా ఎస్.కోట లాడ్జీని, దాని కింది టిఫిను హోటల్‌ని మార్చమంటుంది విశాఖలో సైకిల్ షాపు నడిపే ఆవిడ. లాడ్జీ యజమాని ససేమిరా అంటున్నాడు.

లాడ్జీ: అమ్మాయ్, ముందు లెక్క చూద్దాం. డిసెంబరు, జనవరిల్లో అరకులో గది దొరకని కార్ల వాళ్లు నా దగ్గరికే దిగొస్తారు. కారు ఆగిందంటే నలుగురు మనుషులు, రెండు గదులు, రాత్రి భోజనం. సైకిల్ మీద వచ్చేది ఒక్కడు. బురద చక్రం గోడకి ఆనించి మరక చేస్తాడు, తువ్వాలుతో చైను తుడుస్తాడు, తెల్లారక ముందే తాళం ఇచ్చి పోతాడు.

షాపు: ఆ రెండు నెలల సంగతి నేను ఎత్తడం లేదు బాబాయ్. మిగతా రోజుల్లో కార్లు మీ బోర్డు వైపు చూడకుండా పోతాయి కదా. సైకిల్ మాత్రం ఆగి తీరాలి. 60 కిలోమీటర్లు తొక్కినవాడు తినకుండా ఘాట్ ఎక్కితే సగంలో కళ్లు తిరుగుతాయి. ఈ రోడ్డు మీద మీ హోటల్ దగ్గర తప్పక ఆగాల్సిన గిరాకీ అదొక్కటే.

లాడ్జీ: ఎప్పుడొస్తాడో, ఎంతమందొస్తారో తెలియని గిరాకీకి పిండి ఎంత రుబ్బించమంటావ్?

షాపు: ఏ వేళకి వస్తారో ముందే తెలిసే గిరాకీ కూడా ఉంది. బ్రెవే అని 200 కిలోమీటర్ల సవారీలు నడుస్తాయి. పోటీ కాదు, 13 గంటల 30 నిమిషాల్లో పూర్తి చేస్తే చాలు. దారిలో కంట్రోల్ పాయింట్లుంటాయి, అక్కడ కార్డు మీద ముద్ర, టైము వేయించుకోవాలి. కంట్రోల్ ఎప్పుడు తెరవాలో, ఎప్పుడు మూయాలో వేగం లెక్కన ముందే కడతారు. 60వ కిలోమీటరు దగ్గర బయల్దేరిన గంటా 46 నిమిషాలకి తెరుస్తారు, 4 గంటలకి మూస్తారు. అయిదింటికి విశాఖలో బయల్దేరితే మీ దగ్గర 6.46 నుంచి 9 దాకా. ఎంతమందో రిజిస్ట్రేషన్ జాబితాలోనే తేలుతుంది. రూటు వేసే క్లబ్బు వాళ్లతో ముందుగా మాట్లాడుకోండి. హోటల్ రబ్బరు స్టాంపు, సరైన టైము చూపే గడియారం ఉంటే పనైపోతుంది.

లాడ్జీ: ఏడాదిలో ఎన్నిసార్లు వస్తాయమ్మా అవి?

షాపు: తక్కువే. అందుకే పెట్టుబడి కూడా తక్కువ పెట్టమంటున్నాను. స్టాండుకి ఇంచున్నర జీఐ పైపు తీసుకోండి. తిరగేసిన యూ ఆకారం: ఎత్తు 75 సెంటీమీటర్లు, వెడల్పు 75, నేలలోకి ఒక్కో కాలు 30. మొత్తం 285 సెంటీమీటర్లు. ఆరు మీటర్ల పైపు ఒకటి కొంటే రెండు స్టాండులొస్తాయి. ఒక్కోదానికి అటొకటి, ఇటొకటి సైకిల్ ఆనుతుంది కాబట్టి నాలుగు సైకిళ్లకు చోటు. స్టాండుకీ స్టాండుకీ మధ్య మీటరు వదలండి, గోడకి 60 సెంటీమీటర్లు. బిగించేది రోడ్డు మీద కాదు, క్యాషు కౌంటరులో కూర్చున్నవాడి కంటికి కనబడేలా.

లాడ్జీ: బడి దగ్గరుండే చక్రం దూర్చే స్టాండు చవగ్గా దొరుకుతుందిగా. ఒకటి తెచ్చి పడేస్తే పోలా?

షాపు: దాన్ని చూస్తే వాళ్లు సైకిల్ దింపరు. బండి ఒరిగితే బరువంతా ముందు చక్రం మీదే పడి రిమ్ము వంగుతుంది, డిస్కు బ్రేకుంటే ఆ పళ్లెం ఇనుముకి తగిలి వంకర పోతుంది. ఫ్రేమును కట్టి తాళం వేసే వీలు కూడా ఉండదు. ఇంకో మాట. వెల్డింగు చేసిన చోట జీఐ పూత కాలిపోతుంది, అక్కడ రెడాక్సైడు కొట్టించకపోతే రెండో వానాకాలానికే తుప్పు. పైన పాత ట్యూబు చుట్టిస్తే ఫ్రేము రంగు గీసుకోదు.

లాడ్జీ: సరే, గాలి సంగతి. పక్కనే పంక్చరు షాపుంది, కంప్రెషరుంది.

షాపు: ఆ నోరు మోటారు సైకిల్ వాల్వుకే పడుతుంది. రోడ్డు సైకిళ్లకు చాలావాటికి ప్రెస్టా వాల్వు, సన్నగా ఉంటుంది, కొసన చిన్న నట్టు విప్పితేగాని గాలి ఎక్కదు. విప్పకుండా నొక్కితే పిన్ను విరుగుతుంది. సన్న టైరులో గాలి పట్టే చోటు తక్కువ, కంప్రెషరు ధాటికి క్షణంలో పేలుతుంది. గేజీ ఉన్న నిలువు పంపు ఒకటి కొనండి, 120 పీఎస్ఐ దాకా చూపేది, రెండు రకాల వాల్వుకీ పట్టేది. 28 మిల్లీమీటర్ల టైరుకి మనిషి బరువును బట్టి 70 నుంచి 90 చాలు. ఎంటీబీ, అంటే లావు టైర్ల కొండదారి సైకిళ్లకి 30, 40 దగ్గరే ఆపాలి.

లాడ్జీ: ట్యూబులు, బ్రేకు ముక్కలు, చైన్లు... రేపు నన్ను స్పేరు పార్టుల కొట్టు పెట్టమంటావ్.

షాపు: బ్రేకు ప్యాడ్లు పెట్టొద్దు, అచ్చులు డజన్లున్నాయి, ఒకదానిది ఇంకోదానికి పట్టదు. 700 సైజు ట్యూబులు నాలుగు, 29 సైజువి రెండు. వాల్వు పొడవు 60 మిల్లీమీటర్లది అడగండి. 48ది లోతు రిమ్ములో పెడితే పంపు పట్టేంత బయటికి రాదు, 60ది మాత్రం రెంటికీ పనికొస్తుంది. ఎండ తగలని డబ్బాలో పెడితే రబ్బరు చీలదు. తర్వాత 4, 5, 6 ఎలెన్ కీలు, నక్షత్రం మొన ఉండే టీ25 కీ, పెడల్‌కి 15 స్పానరు, టైరు లీవర్లు మూడు, చైను కట్టరు. వీటిని తాడుతో బల్లకి కట్టండి, లేకపోతే ఆ వారంలోనే మాయమవుతాయి.

లాడ్జీ: మా కుర్రాడు బళ్లు బాగానే విప్పుతాడు. కొంచెం రిపేరు చేసిస్తే నాలుగు డబ్బులొస్తాయి కదా?

షాపు: బాబాయ్, అక్కడే చెడుతుంది వ్యవహారం! మోటారు సైకిల్ బ్రేకు ఆయిలు డాట్ రకం. షిమానో హైడ్రాలిక్ బ్రేకుల్లో మినరల్ ఆయిలుంటుంది. డాట్ పోస్తే లోపలి సీళ్లు ఉబ్బి పాడవుతాయి, ఘాట్ దిగేటప్పుడు బ్రేకు పట్టకపోతే మనిషే పోతాడు. చక్రం తీసి ఉన్నప్పుడు బ్రేకు లీవరు నొక్కడం ఇంకో పొరపాటు. ప్యాడ్లు దగ్గరకి అతుక్కుపోతాయి, మళ్లీ చక్రం దూరదు. వాటర్ సర్వీసు గన్ను బేరింగుల మీద పెడితే గ్రీజు కొట్టుకుపోతుంది. మీవాడిని పంక్చరు వరకే ఉంచండి. కడగడానికి బకెట్టు, బ్రష్షు, కొళాయి చాలు. చైను తుడవడానికి పాత గుడ్డలు కనబడేలా పెట్టండి, తువ్వాళ్ల జోలికి రారు.

లాడ్జీ: జర్మనీలో ఇవన్నీ ఉన్నాయని మా అబ్బాయి ఫోనులో చూపించాడులే.

షాపు: అవును, అక్కడి సైకిల్ సంఘం 1995 నుంచి బెట్ ఉండ్ బైక్ అని హోటళ్లకు గుర్తింపు ఇస్తోంది. అడిగేవి చిన్నవే: ఒక్క రాత్రికైనా గది ఇవ్వాలి, సైకిల్‌కి తాళం వేసే గది, తడి బట్టలు ఆరేసే చోటు, కడుపు నిండే టిఫిను, రిపేరు సామాను.

లాడ్జీ: అక్కడ నది ఒడ్డు వెంబడి సైకిళ్లకు వేరే దారి. ఇక్కడ మలుపులో ఎదురుగా బస్సొస్తుంది, మార్జిన్‌లో గులకరాళ్లు. నా దగ్గర నాలుగు పైపులు పాతితే ఘాట్ రోడ్డు వెడల్పవుతుందా?

షాపు: కాదు. రోడ్డు మీ చేతిలో లేదు, నా చేతిలోనూ లేదు. వానాకాలంలో మంచు పట్టినప్పుడు, చీకటి పడ్డాక ఘాట్ ఎక్కొద్దని నేనే మా వాళ్లకి చెబుతాను. అలాంటప్పుడు సాయంత్రం కింద ఆగిపోవడానికి గది ఉండాలి. ఆ గది మీదే కావచ్చు.

లాడ్జీ: అది ఆలోచించాల్సిన మాటే. కానీ సైకిల్ని గదిలోకి తీసుకెళ్తామంటారే, అది మాత్రం కుదరదు. మెట్ల మీద పెయింటు నిన్నగాక మొన్న వేయించాను.

షాపు: లక్ష రూపాయల సైకిల్ని రాత్రంతా వరండాలో వదిలేసి ఎవరికి నిద్ర పడుతుంది? మెట్ల కింద ఖాళీ ఉంది కదా, గ్రిల్లు పెట్టించండి. తాళం ఒకటి మీ దగ్గర, ఒకటి వాళ్ల దగ్గర. ఒక 5 ఆంపియర్ల ప్లగ్గు పెడితే ఫోను, లైట్లు ఛార్జి పెట్టుకుంటారు. బ్యాటరీ సైకిల్ వస్తే మాత్రం మెట్ల కింద ఛార్జి పెట్టనివ్వకండి. నిప్పంటుకుంటే పైవాళ్లు దిగే దారే మూసుకుపోతుంది.

లాడ్జీ: మరి టిఫిను? నాలుగున్నరకి ఇడ్లీ అంటే వంట మనిషి మూడింటికి లేవాలి, దానికి వేరే కూలి. ఇద్దరి కోసం పొయ్యి వెలిగించను.

షాపు: ఇద్దరుంటే వెలిగించొద్దు. రాత్రే ఉడకబెట్టిన చిలగడదుంపలు, అరటిపళ్లు, బ్రెడ్డు, ఫ్లాస్కులో కాఫీ సర్ది ఇవ్వండి, డబ్బు రాత్రే తీసుకోండి. పదిమంది దాటితేనే ఇడ్లీ, ఉప్మా. పూరీ వద్దు, నూనె కడుపులో పెట్టుకుని ఎక్కితే అనంతగిరి రాకముందే వాంతులు. 20 లీటర్ల క్యాను బయట పెట్టి సీసా నింపుకోనివ్వండి, ఉప్పు వేసిన మజ్జిగ అమ్ముకోండి.

లాడ్జీ: పదిమంది అన్నావ్, ఏడుగురే వస్తే రుబ్బిన పిండి ఎవరు తింటారు? సగం అడ్వాన్సు ముందురోజు సాయంత్రానికి నా ఫోనుకి పడాలి, మనుషులు రాకపోతే అది తిరిగివ్వను. పంపు, స్టాండు పెట్టిస్తాను. గ్రిల్లు సంగతి సంక్రాంతి గిరాకీ అయ్యాక.

షాపు: గ్రిల్లు లేకుండా రాత్రి బస చేసేవాళ్లని పంపలేను బాబాయ్. పొద్దున్న టిఫినుకి ఆగేవాళ్లనైతే పంపుతాను. అడ్వాన్సు సగం ఎక్కువ, మూడో వంతు చేయండి.

లాడ్జీ: సగమే.