గొలుసు తెగకముందే లెక్క తేలాలి

2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాంలో 19వ నంబరు క్రస్ట్‌ గేటు గొలుసు తెగింది. గేటు కొట్టుకుపోయింది. అప్పటికి జలాశయం నిండుగా ఉంది. మూడు రాష్ట్రాల రైతులు ఖరీఫ్‌కు ఆ నీటినే నమ్ముకున్నారు. ఒత్తిడి తగ్గించడానికి మిగతా గేట్లు ఎత్తి ఆ నీటిని నదిలోకి వదలాల్సి వచ్చింది. ఖాళీని మూసేందుకు స్టాప్‌లాగ్‌ గేటు సిద్ధంగా లేదు. అప్పటికప్పుడు చేయించి, నిపుణుడు కన్నయ్యనాయుడు మార్గదర్శకత్వంలో పారే నీటిలోనే దించారు. దాదాపు వారం పట్టింది. ఆ పనిలో దిగినవాళ్లకు రాయలసీమ రైతు ఎంతో రుణపడి ఉన్నాడు. అయితే ఇంత పెద్ద డ్యాం భద్రత ఒక పెద్దాయన అనుభవం మీద, కొందరు కార్మికుల తెగువ మీద నిలబడటం మాకు భయం కలిగిస్తోంది.

ఈ డ్యాం 1953లో పూర్తయింది. గేట్లు 33. పూడిక వల్ల దీని నిల్వ సామర్థ్యం సుమారు 133 టీఎంసీల నుంచి 105కు పడిపోయిందని అందరికీ తెలుసు. ఏళ్ల తరబడి కొలిచారు కాబట్టే ఆ సంగతి చెప్పగలుగుతున్నాం. మరి గొలుసు ఏ ఏడాది వేసింది, ఎంత అరిగింది, ఇంకెన్నాళ్లు ఆగుతుంది? పూడిక లెక్క లాగే ఈ లెక్క కూడా జనం ముందుకు రావాలి. రాతి కట్టడం వందేళ్లు నిలుస్తుందేమో గానీ, ఇనుప గేటుకూ గొలుసుకూ అంత ఆయుష్షు ఉండదు. డ్యాం ఒకటే అయినా దాని భాగాలు వేర్వేరు వయసుల్లో ముసలివవుతాయి.

ఇది మనకు మాత్రమే ఎదురైన కష్టం కాదు. 2000 అక్టోబరు 17న ఇంగ్లండ్‌లోని హాట్‌ఫీల్డ్‌ దగ్గర రైలు పట్టాలు తప్పి నలుగురు చనిపోయారు. పట్టా పగుళ్లిచ్చి, రైలు వెళ్తుండగా ముక్కలైంది. ఆ పట్టా పాడైందని ముందే తెలుసు. మార్చాల్సిన కొత్త పట్టా కూడా నెలల కిందటే తెచ్చి పక్కనే పడేశారు. దాన్ని మాత్రం వేయలేదు. తమ దగ్గర ఏ పట్టా ఏ స్థితిలో ఉందో చెప్పే సరైన జాబితా ఆ రైలు మార్గాల సంస్థ వద్ద లేదని తర్వాత బయటపడింది. ఏడాది తిరిగేసరికి ఆ సంస్థే దివాలా తీసింది.

కట్టడాలు, యంత్రాల వంటి ఆస్తులను ఎలా చూసుకోవాలో చెప్పే పాస్‌ 55 అనే ప్రమాణం బ్రిటన్‌లో 2004లో వచ్చింది. దాని పునాది మీదే 2014లో ఐఎస్‌ఓ 55000 అనే అంతర్జాతీయ ప్రమాణాల శ్రేణి వచ్చింది, 2024లో దాన్ని సవరించారు. పేరు పెద్దదే గానీ అది అడిగేది ఇంట్లో మోటారు సైకిల్‌ను జాగ్రత్తగా చూసుకునే మనిషికి తెలిసిన సంగతే. మీ దగ్గర ఏమేం ఉన్నాయో రాసుకున్నారా? ఒక్కొక్కటి ఏ స్థితిలో ఉంది? ఏది చెడితే ఎక్కువ నష్టం? మార్చడానికి ఎంత అవుతుంది, ఆ డబ్బు ఎప్పుడు, ఎక్కడి నుంచి వస్తుంది? ఎవరు జవాబుదారీ? న్యూజీలాండ్‌ ఈ ఆలోచనను చట్టంలోకే తెచ్చింది. అక్కడి స్థానిక సంస్థలు నీటి పైపులు, మురుగు కాల్వలు, రోడ్ల కోసం కనీసం 30 ఏళ్ల ప్రణాళిక రాసి ప్రజల ముందు పెట్టాలి. ఏ పెద్ద పని ఎప్పుడు చేయాల్సి వస్తుందో, దానికి సుమారుగా ఎంత ఖర్చవుతుందో అక్కడి పౌరుడు ముందే చూసుకోవచ్చు. ప్రమాణపత్రం గోడకు తగిలించినంత మాత్రాన గేటు గట్టిపడదని మాకూ తెలుసు. మేము కోరేది ఆ పత్రం కాదు, ఆ అలవాటు.

మనకు చట్టం లేదా? ఉంది. 2021 డిసెంబరు 30న డ్యాంల భద్రతా చట్టం అమల్లోకి వచ్చింది. వానాకాలానికి ముందూ తర్వాతా తనిఖీ చేయాలని, మరమ్మతులకు ప్రత్యేకంగా నిధులు కేటాయించాలని అది చెబుతోంది. చట్టం వచ్చిన ఐదేళ్లలోగా, అంటే 2026 డిసెంబరు నెలాఖరులోగా, ప్రతి పెద్ద డ్యాంకూ మొదటి సమగ్ర భద్రతా మదింపు పూర్తి కావాలి. లోపం ఆచరణలో ఉంది. చట్టానికి ముందూ గేట్లు పోయాయి, తర్వాతా పోయాయి. 2021 ఆగస్టులో పులిచింతల గేటు పోయింది. అదే ఏడాది నవంబరు 19న చెయ్యేరు మీద అన్నమయ్య డ్యాం తెగి, దిగువ పల్లెల్లో కుటుంబాలకు కుటుంబాలే కొట్టుకుపోయాయి. వరద ముంచుకొచ్చిన ఆ వేళ ఒక గేటు పైకి లేవలేదు. గుండ్లకమ్మలో 2022లో ఒక గేటు, 2023లో మరొకటి పోయాయి. ప్రతిసారీ మంత్రులు వచ్చారు, విచారణ అన్నారు. తర్వాతి గేటు పోయేదాకా ఆ మాటే మరిచిపోయారు.

నిధుల కోత పడినప్పుడు మొదట తెగేది నిర్వహణ పద్దే. గ్రీజు, రబ్బరు సీళ్లు, రోప్‌లు, జనరేటర్‌కు డీజిల్‌... వీటిని ఈ ఏడాది కొనకపోయినా ఈ ఏడాది ఏమీ కాదు కదా అనుకుంటారు. కానీ వాయిదా వేసిన ఖర్చు ఎక్కడికీ పోదు, ఏటా పెరిగే అప్పుగా డ్యాం మీదే ఉంటుంది. తుంగభద్రలో దాన్ని తీర్చింది ఆయకట్టు రైతు. గేట్ల మీద నమ్మకం లేక 2025లో జలాశయాన్ని పూర్తిగా నింపకుండా 80 టీఎంసీల దగ్గరే ఆపారు.

రెండు తెలుగు రాష్ట్రాల జలవనరుల శాఖలూ, ఈ డ్యాంను నిర్వహించే తుంగభద్ర బోర్డూ గేటు వారీగా చరిత్ర రాసి వెబ్‌సైట్‌లో పెట్టాలి. తెలుగులో పెట్టాలి. నిర్వహణ నిధిని వేరే పనికి మళ్లించకుండా ఆర్థిక శాఖ హామీ ఇవ్వాలి. ఖాళీగా ఉన్న లష్కర్‌ (కాల్వలు, గేట్లు కనిపెట్టుకుని ఉండే సిబ్బంది), గేటు ఆపరేటర్‌ పోస్టులు నింపాలి, ఎందుకంటే గొలుసు చప్పుడు మారితే మొదట వినేది వాళ్లే. వాళ్లు చెప్పింది నోటి మాటగా పోకుండా రిజిస్టర్‌లో ఎక్కాలి, దాని మీద ఇంజనీరు తేదీ వేసి సంతకం పెట్టాలి. వచ్చే వానాకాలం వరద తలుపు తట్టేలోపు ప్రతి గేటునూ ఒకసారి ఎత్తి దించి, ఆ ఫలితాన్ని ఆయకట్టు రైతు చదివేలా డ్యాం దగ్గరే బోర్డు మీద రాయాలి.